నిమ్మచెక్కతో తేలే నిజం

భిలాయిలో ఒకే తీగకు అరడజను పేర్లున్నాయి. ఉక్కు కర్మాగారం కోసం దేశం నలుమూలల నుంచీ వచ్చి స్థిరపడిన జనం తమ భాషలతో పాటు పూల పేర్లనూ వెంట తెచ్చుకున్నారు. క్వార్టర్ల కంచె మీదికి పాకే ఆ సన్నని తీగ హిందీ, బెంగాలీ, ఒడియా కుటుంబాలకు అపరాజిత. మలయాళీలకు శంఖుపుష్పం. తమిళులకు శంగుపూ. ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన తెలుగువారికి శంఖుపూలు. పాత నిఘంటువులు తిరగేస్తే దింటెన, గెంటెన అనే అచ్చ తెలుగు పేర్లు కూడా కనిపిస్తాయి. వృక్షశాస్త్రం మాత్రం ఇండొనేసియాలోని టెర్నాటె దీవి పేరు కలిపి క్లైటోరియా టెర్నేషియా అంటుంది.

పేర్లు ఎన్ని ఉన్నా మొన్నమొన్నటి దాకా దాని పని ఒక్కటే. తెల్లవారుజామున సజ్జలోకి, అక్కడి నుంచి దేవుడి పటం మీదికి. దసరా నాడు బెంగాలీల అపరాజిత పూజకు అది తప్పనిసరి. ఇప్పుడు ఆ పువ్వు పూజగది దాటి వంటింట్లోకి, వంటింట్లోంచి దుకాణం అరలోకి వచ్చేసింది. ‘బ్లూ టీ’ పేరుతో అందమైన డబ్బాల్లో అమ్ముడవుతోంది. జ్ఞాపకశక్తి పెరుగుతుందని, చక్కెర తగ్గుతుందని, బరువు దిగుతుందని, జుట్టు నల్లబడుతుందని, కళ్ళు మెరుగవుతాయని ప్రచారం. ఇంటి కంచె మీద ఉచితంగా పూసే పువ్వుకు ఇన్ని మహిమలు అంటగడితే, అందులో నిజమెంతో తేల్చుకోవడం వినియోగదారుడికే కాదు, పెంచేవారికీ అవసరం.

ముందు పెంచడం సంగతి. అందుకు నందిని మంచి ఉదాహరణ. భిలాయి నుంచి ఉత్తరంగా పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న ఈ చిన్న టౌన్‌షిప్ పుట్టిందే సున్నపురాయి కోసం. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం భిలాయి ఉక్కుకు పునాది వేసింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఇనుప ఖనిజంలోని మట్టిని, ఇసుకను కరిగించి చిట్టెంగా తొలగించడానికి ఫర్నేసులో సున్నపురాయి వేయాలి. ఆ రాయి నందిని గనులది. దశాబ్దాల పాటు రాయి తవ్విన చోట మిగిలింది పెద్ద పెద్ద గోతులు, రాళ్ళ గుట్టలు. తవ్వకం ముగిసిన ఈ భూముల్లో దాదాపు 885 హెక్టార్లలో అడవి పెంచే పథకాన్ని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020ల ఆరంభంలో చేపట్టింది.

సున్నం ఎక్కువున్న నేలలో అన్ని మొక్కలూ బతకవు. ఇనుము, భాస్వరం నేలలో ఉన్నా వేళ్ళకు అందవు. ఆకులు పాలిపోతాయి. శంఖుపూల తీగకు మాత్రం ఆ బాధ తక్కువ. కొద్దిపాటి ఆమ్లగుణం ఉన్న నేల నుంచి బాగా క్షారగుణం ఉన్న నేల దాకా, అంటే పీహెచ్ 5.5 నుంచి 8.9 వరకు ఇది తట్టుకుంటుందని పశుగ్రాస నిపుణులు లెక్కగట్టారు. సున్నపు నేలలు కూడా ఆ పరిధిలోవే. పైగా ఇది చిక్కుడు, కంది, పెసర కుటుంబానికి చెందిన మొక్క. వేళ్ళ బుడిపెల్లో చేరిన బాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రైతులు దీన్ని పువ్వు కోసం కాదు, పశువుల మేత కోసం, నేల సారం కోసం పెంచారు. అక్కడ మిల్‌గర్రా అనే రకాన్ని 1990ల ఆరంభంలో ప్రత్యేకించి విడుదల చేశారు.

ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలను నాలుగు పేర్లతో పిలుస్తాడు. కన్హార్, డోర్సా, మటాసీ, భాటా. నల్లగా, బరువుగా ఉండే కన్హార్‌లో శంఖుపూల తీగ దట్టంగా అల్లుకుంటుంది. అయితే వానాకాలంలో మొదట్లో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది కాబట్టి కాస్త ఎత్తు మడి కట్టుకోవాలి. మెరకన ఉండే ఎర్రటి గులక నేల భాటాలో నీరు నిలవదు, సారమూ నిలవదు. గుంతలో పశువుల ఎరువు, ఆకు కుళ్ళు దండిగా వేయకపోతే తీగ సాగదు. తెలుగు జిల్లాల్లోని నల్లరేగడికి, ఎర్ర చెలకకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

గింజ పెంకు గట్టిది. నేరుగా నాటితే కొన్ని మొలుస్తాయి, కొన్ని నెలల తరబడి నిద్రపోతాయి. గరుకు కాగితం మీద ఒకసారి రుద్ది, రాత్రంతా నీళ్ళలో నానేస్తే వారం పది రోజుల్లో మొలక కనిపిస్తుంది. జూన్ మధ్యలో తొలకరి పడగానే నాటడం మేలు. నీటి వసతి ఉంటే ఫిబ్రవరిలోనూ నాటవచ్చు. గింజను వేలి కణుపు లోతుకు మించి పూడ్చకూడదు. మొక్కకూ మొక్కకూ అడుగు, అడుగున్నర ఎడం చాలు. ఎక్కడానికి కంచె, పురికొస, ఎండిన కంప - ఏదైనా ఫరవాలేదు. ఎండ బాగా తగలాలి. నీడలో ఆకులే తప్ప పూలు రావు. నాటిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొదటి పూలు విచ్చుకుంటాయి. నత్రజని ఎరువు వేస్తే తీగ గుబురుగా పెరిగి పూత తగ్గుతుంది. తన నత్రజని తానే సంపాదించుకునే మొక్కకు యూరియా దండగ.

నందిని వేసవి 45 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ ఎండకు తీగ వాడినా వేరు బతికే ఉంటుంది. మొదలుకు ఎండుగడ్డి కప్పి, వారానికి రెండు తడులిస్తే చాలు. వేసవి చివర అడుగు ఎత్తున కత్తిరిస్తే వానలకు కొత్త చిగుళ్ళు తోసుకొస్తాయి. పూలు కోయకుండా వదిలేస్తే కాయలు కడుతుంది. కాయ కట్టిన తీగ పూత మీద శ్రద్ధ తగ్గిస్తుంది. కాబట్టి రోజూ కోయడమే ఎక్కువ పూలకు ఉపాయం. నీలం, తెలుపు రంగుల్లో, ఒంటి రేకు, ముద్ద పువ్వు రకాల్లో ఇది దొరుకుతుంది. వంటకు, రంగుకు కావలసింది ముదురు నీలం రకం. తెల్ల పువ్వు పూజకు పనికొస్తుందే తప్ప కప్పులో రంగు రాదు.

పువ్వు ఆయుష్షు ఒక్క రోజు. తెల్లవారి మంచు ఆరాక, ఎండ ముదరక ముందు కోయాలి. తొడిమ, పచ్చటి పుష్పకోశం తీసేస్తే పసరు వాసన తగ్గుతుంది. నీడలో పల్చగా పరిచి మూడు నాలుగు రోజులు ఆరబెట్టాలి. నేరుటెండలో ఆరేస్తే రంగు వెలిసిపోతుంది. చేత్తో నలిపితే పొడిపొడిగా రాలేదాకా ఆరాక, గాలి చొరని సీసాలో, వెలుతురు తగలని చోట దాచాలి. గనుల దుమ్ము, కర్మాగారాల మసి, రోడ్డు ధూళి పడే చోట కోసిన పూలను ముందు కడగాల్సిందే. పురుగుమందు చల్లిన తోటవి అసలే వాడకూడదు.

ఇక వాడకం. అయిదారు ఎండు పూలను కప్పు వేడినీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచితే సముద్రపు నీలం దిగుతుంది. రుచి పెద్దగా ఉండదు. కాస్త పచ్చిగడ్డి వాసన, అంతే. కెఫీన్ లేదు కాబట్టి నిజానికి దాన్ని టీ అనకూడదు. తమాషా తర్వాత ఉంది. ఆ నీలి నీటిలో నిమ్మచెక్క పిండితే చూస్తుండగానే ఊదా రంగులోకి, ఇంకా పిండితే గులాబీ రంగులోకి మారుతుంది. నిమ్మరసం బదులు సున్నపు తేట వేస్తే ఆకుపచ్చగా తిరుగుతుంది. పువ్వులో టెర్నాటిన్లు అనే వర్ణకాలున్నాయి. ఇవి ఆంథోసయనిన్ల జాతివి. నేరేడు పండుకు, వంకాయ తొక్కకు రంగునిచ్చేవీ ఆ జాతివే. ఆమ్లం తగిలితే ఒక రంగు, క్షారం తగిలితే ఒక రంగు. బడి ప్రయోగశాలలో లిట్మస్ కాగితం చేసే పనే ఈ పువ్వూ చేస్తుంది. సున్నపురాయి ఊరి పిల్లలకు ఇంతకంటే చవకైన సైన్స్ పాఠం దొరకదు.

ఈ రసాయనం తెలిస్తే వంటింట్లో పొరపాట్లు తగ్గుతాయి. నీలి అన్నం వండి నిమ్మకాయ పులిహోర కలిపితే నీలం మిగలదు, ఊదా రంగు వస్తుంది. పరవాన్నంలో, కొబ్బరన్నంలో లేత నీలం నిలుస్తుంది. ఇడ్లీ పిండిలో నీలి నీళ్ళు కలపవచ్చు. కానీ వంటసోడా వేస్తే ఆకుపచ్చ జీర వస్తుంది. ఆగ్నేయాసియా దేశాలకు ఈ విద్య ఎప్పటి నుంచో తెలుసు. థాయ్‌లాండ్‌లో అంచన్ పూల నీరు అతిథికిచ్చే పానీయం. మలేసియా తూర్పు తీరంలో నాసీ కెరాబు అనే నీలి అన్నం రోజువారీ తిండి. మన దేశం నుంచి ఆ తీరం దాకా అందరి పెరళ్ళలోనూ పెరిగే ఈ తీగ పువ్వును వాళ్ళు కంచంలో పెట్టారు, మనం దేవుడి ముందు పెట్టాం.

ఇప్పుడు ఆ నీలానికి అంతర్జాతీయ గిరాకీ వచ్చింది. కారణం సులభం. ప్రకృతిలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు కావలసినన్ని. తినదగిన నీలం చాలా అరుదు. అందుకే మిఠాయిలు, ఐస్‌క్రీములు, శీతల పానీయాల తయారీదారులు బ్రిలియంట్ బ్లూ వంటి కృత్రిమ రంగుల మీద ఆధారపడ్డారు. మన దేశం అనుమతించిన ఎనిమిది కృత్రిమ ఆహార రంగుల్లో అదీ ఒకటి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో శంఖుపూల సారాన్ని పానీయాలు, మిఠాయిలు, పెరుగు, ఐస్‌క్రీముల వంటి వాటిలో రంగుగా వాడటానికి అనుమతించింది. పెట్రోలియం నుంచి తీసే ఆహార రంగులను వదిలించుకోవాలని అక్కడి ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో నిర్ణయించాక, మే నెలలో ఆ అనుమతిని అల్పాహార తృణధాన్యాలు, బిస్కెట్లు, చిప్స్ దాకా విస్తరించింది.

ఇక్కడే చాలా ప్రకటనలు ఒక మెలిక పెడతాయి. ‘అమెరికా ఆమోదించింది’ అంటాయి. అమెరికా ఆమోదించింది రంగును. మందును కాదు. నీలం ఇచ్చే సరుకుగా, నీటితో తీసిన పువ్వు సారాన్ని మాత్రమే అది అనుమతించింది. జ్ఞాపకశక్తికో, మధుమేహానికో పనిచేస్తుందని ఎక్కడా చెప్పలేదు.

మరి ఆయుర్వేదం చెప్పలేదా? చరకుడు మేధస్సుకు మేలుచేసే నాలుగు రసాయనాలు పేర్కొన్నాడు. మండూకపర్ణి, యష్టిమధుకం, తిప్పతీగ, శంఖపుష్పి. చిక్కంతా ఆ నాలుగో పేరుతోనే. దేశంలో శంఖపుష్పి పేరుతో ఒకటి కాదు, కనీసం మూడు నాలుగు మొక్కలు చెలామణీలో ఉన్నాయి. ఉత్తరాది వైద్యులు వాడేది నేల మీద పాకే కన్వాల్వులస్ జాతి మొక్క. భారత ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథం గుర్తించిందీ దాన్నే. కొందరు విష్ణుక్రాంతను శంఖపుష్పి అంటారు. కేరళ వైద్యులకు మాత్రం శంఖుపుష్పం అంటే మన ఈ కంచె తీగే. పేరు ఒకటి, మొక్కలు వేరు, వాటిలోని పదార్థాలూ వేరు. ఒక మొక్క మీద చేసిన అధ్యయనాన్ని ఇంకో మొక్క డబ్బా మీద అచ్చేస్తే అది అబద్ధమే అవుతుంది. భిలాయి వీధిలో ఆరు పేర్లున్న తీగ ఒకటే అయితే, మందుల దుకాణంలో ఒక పేరున్న మొక్కలు నాలుగు.

రెండో చిక్కు భాగం గురించి. జ్ఞాపకశక్తి మీద తరచూ ప్రస్తావించే పరిశోధనల్లో మణిపాల్ శాస్త్రవేత్తలు 2000ల ఆరంభంలో చేసినవి ముఖ్యమైనవి. అవి ఎలుకల మీద చేసినవి. పైగా వాడింది వేరు సారం, పువ్వు కాదు. వైద్యంలో వేరుకూ గింజకూ విరేచనకారిగా పేరుంది. పువ్వు తినదగినదని తెలుసుకున్న ఉత్సాహంలో చిక్కుడు జాతే కదా అని గింజలు వండుకుంటే కడుపు పట్టుకోవాల్సి వస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఎండు కాయలు ఎప్పటికప్పుడు కోసేయడం మంచిది.

మూడో చిక్కు పరిమాణం. పువ్వు మీద మనుషుల్లో జరిగిన పరీక్షలు కొద్ది. థాయ్‌లాండ్ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 15 మంది ఆరోగ్యవంతులైన మగవారికి 50 గ్రాముల చక్కెరతో పాటు ఒకటి, రెండు గ్రాముల పువ్వు సారం కలిపిన పానీయం ఇచ్చారు. చక్కెర మాత్రమే తాగినప్పటి కంటే రక్తంలో గ్లూకోజ్ పెరుగుదల తక్కువగా కనిపించింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ ఆ పదిహేను మందిలో ఒక్కరూ మధుమేహ రోగి కారు. పరీక్ష జరిగింది ఒక పూట. దీన్ని పట్టుకుని మెట్‌ఫార్మిన్ మానేసి నీలి నీళ్ళు తాగమని చెప్పేవారు ప్రాణాలతో చెలగాటమాడుతున్నట్లే.

భద్రత విషయంలోనూ ప్రపంచం ఏకాభిప్రాయంతో లేదు. ఎండు శంఖుపూలను సంప్రదాయ ఆహారంగా అమ్ముకోవడానికి అనుమతి కోరితే ఐరోపా ఆహార భద్రత సంస్థ 2022లో అభ్యంతరం చెప్పింది. ఈ మొక్కలో సైక్లోటైడ్లు అనే ఉంగరం ఆకారపు బుల్లి ప్రోటీన్లున్నాయి. మామూలు ప్రోటీన్లలా ఇవి మరిగిస్తే విరిగిపోవు. పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్క తయారుచేసుకునే ఆయుధాలివి. ఆస్ట్రేలియాలో ఒక సంస్థ ఇదే తీగ సారంతో పత్తికి సీరో-ఎక్స్ అనే పురుగుమందు తయారుచేసింది. సైక్లోటైడ్ల కథ మొదలైందీ కాంగోలోనే. అక్కడి స్త్రీలు కాన్పు త్వరగా కావడానికి ఒక ఆకు కషాయం తాగడం 1960ల్లో ఒక నార్వే వైద్యుడి కంటబడింది. ఆ కషాయంలో గర్భాశయాన్ని సంకోచింపజేసినది ఈ జాతి ప్రోటీనే. అది వేరే మొక్క. శంఖుపూలదీ అదే గుణమని దానర్థం కాదు. కానీ గర్భిణులు దీనికి దూరంగా ఉండటమే మంచిదని చెప్పడానికి ఆ కథ చాలు. చక్కెర మందులు వాడేవారు రోజూ తాగాలనుకుంటే వైద్యుడితో ఒక మాట చెప్పాలి.

అంతమాత్రాన కప్పు పారబోయనక్కర్లేదు. ఆగ్నేయాసియాలో తరతరాలుగా తింటున్న పువ్వు ఇది. వారానికి రెండు మూడుసార్లు కప్పు నీలి నీరు, పండగకో నీలి అన్నం - ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళు ఇంతకు భయపడాల్సిన పని లేదు. భయపడాల్సింది పువ్వుకు కాదు, పువ్వు పేరుతో చేసే వాగ్దానాలకు.

పెంచేవారి లెక్క కూడా చూడాలి. తాజా పువ్వులో 90 శాతానికి పైగా నీరే. కిలో ఎండు పూలకు పది కిలోలకు పైగా పచ్చి పూలు కావాలి. అవి ఒక్కొక్కటీ చేత్తో, ఒక్క పూటలో కోయాల్సిన వేలాది పూలు. అందుకే ఇది యంత్రాల పంట కాదు, కూలి చేతుల పంట. అస్సాం గ్రామాల్లో మహిళలు పెరటి కంచెల పూలు ఏరి టీ తయారీదారులకు అమ్ముతున్నారు. ప్రధాన పంటను వదిలేసి ఎకరాలకెకరాలు దీనికి మళ్ళిస్తే నష్టపోవచ్చు. కంచె మీద, గట్టు మీద, గనులు వదిలేసిన బీడు అంచున పెంచితే పోయేదేమీ లేదు. పూలు అమ్ముడుపోకపోయినా తీగ మేకల మేతకు, వేరు నేలకు పనికొస్తాయి. సున్నపురాయి తవ్వి తీసుకున్న నేలకు నత్రజని తిరిగివ్వడం ఆ తీగ చేసే అసలు మేలు. దానికి డబ్బా అక్కర్లేదు.

కొనేవారికి ఒక పరీక్ష చేతిలోనే ఉంది. డబ్బాలోది నిజమైన శంఖుపూలో, రంగు పూసిన గడ్డో తేల్చుకోవాలంటే నీలి నీళ్ళలో నిమ్మచెక్క పిండితే సరి. అసలు పువ్వు రంగు మారుస్తుంది. బ్రిలియంట్ బ్లూ కలిపిన నకిలీ నీలంగానే ఉండిపోతుంది. అయితే నిమ్మచెక్క రంగు గుట్టు మాత్రమే విప్పుతుంది. డబ్బా మీది మాటలకు పరీక్ష వేరే ఉంది. అది మూడు ప్రశ్నలది. ఏ మొక్క? ఏ భాగం? ఎంతమంది మీద చూశారు? ఈ మూడింటికీ సమాధానం లేని చోట పువ్వుకు మాత్రమే డబ్బులివ్వాలి, మహిమకు కాదు. ఆ పువ్వయినా, కంచె ఉన్న ఇంట్లో రూపాయి గింజతో మొలుస్తుంది.